మారథాన్ డె సాబ్ల్‌కి వెళ్తున్నారా? ముందు పాదాల సంగతి చూడండి

మొరాకో దక్షిణాన, సహారాలో, వారం రోజుల్లో దాదాపు 250 కిలోమీటర్లు పరిగెత్తే పందెం ఇది. 1986 నుంచి జరుగుతోంది. పేరు నమోదు చేసుకోగానే అందరూ వారానికి ఎన్ని కిలోమీటర్లు ప్రాక్టీస్ చెయ్యాలని అడుగుతారు, నన్నడిగితే ముందు షూ, బ్యాగు సంగతి తేల్చుకోవాలి.

షూ అర సైజు అయినా పెద్దది తీసుకోండి, ఎండలో గంటల తరబడి నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. ఇసుక లోపలికి పోకుండా పైన గైటర్లు, అంటే షూని కప్పుతూ కాలికి వేసుకునే గుడ్డ తొడుగులు, తప్పనిసరి. వాటిని పట్టి ఉంచే వెల్క్రోని చెప్పులు కుట్టే ఆయన దగ్గర షూ చుట్టూ కుట్టించండి. నాకు గమ్‌తో అంటించి ఇచ్చారు, రెండో రోజు మధ్యాహ్నానికే ఊడి ఇసుకంతా లోపలికి వచ్చింది, సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలే. ఆ షూ, ఆ గైటర్లు, ఆ సాక్సులతోనే ఇక్కడ నాలుగైదు లాంగ్ రన్లు చేసి వెళ్లండి.

బ్యాగు నీళ్లు కాకుండా 6.5 నుంచి 15 కిలోల మధ్య ఉండాలి. నీళ్లు, టెంటు పందెం నిర్వాహకులిస్తారు, తిండి మాత్రం మొత్తం మీరే మోయాలి, రోజుకి కనీసం 2000 కేలరీలు. అందుకే ప్రతి గ్రాముకీ లెక్క చూడాలి. వంద గ్రాముల వేరుశనగల్లో 570 దాకా కేలరీలుంటాయి, అటుకులు చల్లనీళ్లలో కూడా నానతాయి కాబట్టి స్టవ్ బరువు తగ్గుతుంది, సున్నుండలు నలిగి పొడైనా తినొచ్చు. కానీ మూడో రోజుకల్లా తీపి మొహం మొత్తుతుంది, ఉప్పూ కారం ఉన్నవి సగమైనా పెట్టుకోండి. ప్యాకెట్ మార్చి కట్టుకుంటే కేలరీల లేబుల్ కత్తిరించి లోపల పెట్టండి, చెకింగ్‌లో అడుగుతారు.

ప్రాక్టీస్‌కి సూర్యలంక, విశాఖ బీచ్‌లు బాగుంటాయి, అయితే అలలు తడిపిన గట్టి ఇసుక మీద కాదు, పైనున్న పొడి ఇసుక మీద, బ్యాగు వేసుకుని, శని ఆదివారాలు వరసగా. వేగంగా నడవడం కూడా ప్రాక్టీస్ చెయ్యండి, ఇసుక దిబ్బల మీద చాలావరకు నడకే. పందెం ఏప్రిల్‌లో కాబట్టి మన మార్చి ఎండ కలిసొస్తుంది. చివరి రెండు వారాలు రోజూ గంటసేపు ఎండలో, తోడు ఒకరిని పెట్టుకుని, నెమ్మదిగా చేస్తే శరీరం అలవాటుపడి త్వరగా చెమట పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో పోయే ఉప్పు కూడా తగ్గుతుంది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం, ఉప్పు మాత్రలు మానకండి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా కాసాబ్లాంకా వెళ్లొచ్చు. వీసా ముందే తీసుకోండి, డాక్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్, ఈసీజీ కాగితం మర్చిపోవద్దు. షూ, బ్యాగు, తిండి మీ చేతిలోనే ఉంచుకోండి, కత్తి తీసుకెళ్తే మాత్రం అది చెకిన్ సామానులో.

రాత్రుళ్లు బాగా చల్లబడుతుంది, టెంటు పక్కలన్నీ తెరిచే ఉంటాయి, కాబట్టి స్లీపింగ్ బ్యాగు దగ్గర పొదుపు వద్దు. పందెం స్టేజ్‌లుగా, అంటే విడతలుగా సాగుతుంది, 80 కిలోమీటర్లు దాటే పొడవైన స్టేజ్‌లో చీకట్లోనూ నడవాలి, హెడ్ టార్చ్‌కి వేరే బ్యాటరీలు ఉండాలి.

ఇసుక తుఫాను లేస్తే ఆగిపోండి. 1994లో ఇటలీ రన్నర్ మౌరో ప్రోస్పెరి తుఫానులో దారి తప్పి, రోజుల తరబడి తిరిగి అల్జీరియాలో తేలాడు. గాలికి వీపు పెట్టి కూర్చుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, దారి చూపే తర్వాతి గుర్తు కంటికి కనబడేదాకా లేవకండి.