సంఘంలో పెరిగి ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరేవారికి

సండే స్కూల్లో పాఠాలు చెప్పి, యూత్‌తో కలిసి ఆసుపత్రుల్లో పండ్లు పంచి, ‘సేవ నాకు దేవుడిచ్చిన పిలుపు’ అనుకుని సోషల్ వర్క్ పీజీలో (ఎం.ఎస్.డబ్ల్యూ.) చేరేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామందే. ఆ మనసు ఈ చదువుకు కావాలి. కానీ పరిచర్యలో అలవాటైన కొన్ని పద్ధతులు ఫీల్డ్ వర్క్‌కు, అంటే జనం మధ్య చేసే శిక్షణ పనికి, వచ్చేసరికి తప్పులవుతాయి. అవేవో ముందే తెలుసుకుంటే మొదటి సెమిస్టర్ వృథా పోదు.

కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. సాధారణంగా ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ రాయాలి. కళాశాల ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను మూడు సంగతులు అడగండి. వారానికి ఎన్ని రోజులు ఫీల్డ్ వర్క్? ఆ పని చూసే సూపర్‌వైజర్ ప్రతి వారం ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటారా? రాసిచ్చిన రికార్డులు దిద్ది వెనక్కి ఇస్తారా? చాలాచోట్ల వారానికి రెండు రోజులు ఫీల్డ్‌కు పంపుతారు. దిద్దేవాళ్లు లేకపోతే ఆ రెండు రోజులూ ఊరికే తిరిగొచ్చినట్టే.

ఈ చదువుకూ విశ్వాసానికీ పాత చుట్టరికమే ఉంది. మన దేశంలో ఇది 1936లో బొంబాయిలో టాటాల సంస్థతో మొదలైంది. దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ, నాగ్‌పాడా బస్తీలో పనిచేసినవాడు. కేస్ వర్క్ (ఒక్కో మనిషితో విడిగా చేసే పని) పేపర్లో తప్పకుండా వచ్చే ఏడు సూత్రాలను 1957లో వివరించిన ఫెలిక్స్ బీస్టెక్ జెస్యూట్ పాదిరి. ఆ ఏడింటినీ బట్టీ పట్టకుండా ఒక్కోదాని పక్కన ఒక వాక్యభాగం పెట్టుకుని చదవండి. క్లయింట్ (మన సాయం పొందే మనిషి) తన నిర్ణయం తానే తీసుకోవాలన్న సూత్రం పక్కన మార్కు 10:51 పెట్టుకోండి. గుడ్డివాడికి కావలసింది చూపేనని అందరికీ తెలుసు. అయినా యేసు ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అని అతన్నే అడిగాడు. లూకా 10:34-35 చదివితే కేస్ వర్క్ మొత్తం అక్కడే కనిపిస్తుంది. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, అది అత్యవసర సాయం. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, అది రిఫరల్, అంటే సాయం దొరికే మరోచోటికి అప్పగించడం. రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు, అది ఫాలో అప్. సంక్షేమ పాలన పేపర్‌కు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి: రోజువారీ పంపిణీలో కొందరు విధవరాండ్రకు అందడం లేదని ఫిర్యాదు వస్తే, ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు.

అసలు చదువు ప్రాసెస్ రికార్డింగ్‌లో, అంటే క్లయింట్‌తో జరిగిన సంభాషణను రాసిపెట్టడంలో ఉంది. పేజీని మూడు నిలువు భాగాలు చేయండి. మొదటిదాంట్లో జరిగింది జరిగినట్టు, రెండోదాంట్లో అప్పుడు మీ మనసులో మెదిలింది, మూడోది సూపర్‌వైజర్ రాయడానికి. ఆ రోజు రాత్రే రాయాలి. మర్నాటికి క్లయింట్ మాటలు పోయి మన మాటలు మిగులుతాయి. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా ఇలా రాస్తారు: ‘ఆమె చాలా బాధలో ఉంది. ధైర్యం చెప్పి ప్రార్థన చేశాను.’ ఇందులో ఆమె ఎక్కడా లేదు. అదే సంగతి ఇలా ఉండాలి: ‘“పింఛను ఆగి మూడు నెలలైందమ్మా, ఎవర్ని అడగాలో తెలీట్లేదు” అంది, కొంగు వేలికి చుట్టుకుంటూ. నేను వెంటనే “దేవుడున్నాడు లెండి” అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు.’ రెండో భాగంలో: ‘ఆమె దుఃఖం చూసి తట్టుకోలేక ఆ మాట అనేశాను.’ ఇలా రాస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో మీకే కనిపిస్తుంది. దేవుడి మాట చెప్పి ఆమె మాటకు అడ్డుపడ్డారు. పింఛను ఎందుకు ఆగిందో, ఆధార్‌లో తేడా ఉందేమో, గ్రామ సచివాలయానికి వెళ్లి అడిగిందో లేదో అన్న ప్రశ్నలన్నీ అడక్కుండానే మిగిలిపోయాయి.

ప్రార్థన ఎప్పుడు? క్లయింట్ తనంతట తాను అడిగినప్పుడు, ఏజెన్సీ (మీరు ఫీల్డ్ వర్క్ చేసే సంస్థ) నియమాలు ఒప్పుకుంటే, క్లుప్తంగా. మందుల కోసమో బియ్యం కోసమో మీ మీద ఆధారపడిన మనిషి ‘ప్రార్థన చేయనా?’ అంటే కాదనలేరు. అందుకే ముందుగా మీరు అడగకూడదు, కరపత్రాలు ఇవ్వకూడదు. ఈ జాగ్రత్త మనకు కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మనవాళ్లు తెలియకుండా చేసే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. క్లయింట్ సంగతి శుక్రవారం ఉపవాస కూడికలో ‘ప్రార్థన అంశం’గా చెప్పేస్తారు. పేరు చెప్పకపోయినా ఊళ్లో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. కులం విషయంలో ఇది మరీ ప్రమాదం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఇప్పుడు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని బీసీ-సిలో లెక్కిస్తారు. ‘ఆవిడ మన చర్చికే వస్తుంది’ అని మీరు మామూలుగా అన్న మాట ఆ ఇంటి పిల్లాడి కుల సర్టిఫికెట్ దాకా వెళ్లగలదు. భారం ఆపుకోలేకపోతే ఒంటరిగా మోకాళ్లూనండి, లేదా సూపర్‌వైజర్‌తో చెప్పండి.

గోప్యతకు ఒకచోట హద్దు ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పాల్సిందే. ఆ బాధ్యత ప్రతి ఒక్కరిదీ. పాస్టర్ గారికి మినహాయింపు లేదు, విద్యార్థికీ లేదు. చెప్పకుండా దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. ‘సంఘం పరువు పోతుంది, పెద్దలం కూర్చుని మాట్లాడతాం’ అన్నవాళ్లు ఎంతటివారైనా ఒప్పుకోకండి. బిడ్డను పదేపదే అడగవద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి, అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పి, పోలీసులకు తెలియజేయండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. చర్చి నడిపే పిల్లల హోమ్‌లో ఫీల్డ్ వర్క్ ప్లేస్‌మెంట్ ఇస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొదటి రోజే చూడండి.

మూర్ఛ వచ్చినా, చెవిలో మాటలు వినబడుతున్నాయన్నా ‘దయ్యం’ అని స్వస్థత కూటాలకు తీసుకెళ్లే కుటుంబాలు తగులుతాయి. వాళ్ల నమ్మకంతో వాదన పెట్టుకోవద్దు. ‘ప్రార్థన చేయించుకోండి, మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు’ అని స్పష్టంగా చెప్పండి. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416 రాసివ్వండి.

ప్లేస్‌మెంట్ అయిపోతుందన్న సంగతి క్లయింట్‌కు కనీసం మూడు సందర్శనల ముందే చెప్పాలి. చివరి రోజు చెప్పి వచ్చేస్తే, ఆమె దృష్టిలో వదిలేసి పోయినవాళ్ల లెక్కలో మీరూ చేరతారు. పూర్తయిన పనులు, మిగిలినవి, తర్వాత ఆమె కలవాల్సిన మనిషి పేరు ఒక కాగితం మీద రాయండి. ఆమెకు చదువు రాకపోతే ఇంట్లో చదివేవాళ్లుండగా వినిపించి, ఒక కాపీ ఏజెన్సీ ఫైల్లో పెట్టి రండి.