వానాకాలానికి ముందు పాత జెరాక్స్ మిషను, కంప్యూటరు కొనేవారికి జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు వరుసగా పలకరించే తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో కొత్తగా జెరాక్స్ దుకాణమో చిన్న కార్యాలయమో తెరిచేవారు చాలామంది చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచో, తెలిసిన మెకానిక్ ద్వారానో వాడిన యంత్రాలను తెచ్చుకుంటారు. తక్కువ ధరకు వచ్చిందన్న సంతోషం మొదటి ముసురు పట్టేవరకే ఉంటుంది కాబట్టి, బేరానికి ముందే ఆ మోడల్‌కు డ్రమ్ (అచ్చును కాగితం మీదికి ఎక్కించే గొట్టం), టోనర్ (సిరా పొడి), హీటు రోలరు (ఆ పొడిని వేడితో కాగితానికి అతికించేది) మన ఊళ్లో దొరుకుతాయో లేదో, దాన్ని విప్పి బాగుచేయగలిగిన మెకానిక్ ఉన్నాడో లేడో విచారించాలి. ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ యంత్రం ఉచితంగా ఇచ్చినా భారమే.

పరీక్షించడానికి వెళ్లేటప్పుడు మీ కాగితాలు, మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకువెళ్లండి. అమ్మేవారు నాలుగు కాపీలు తీసి చూపిస్తే తృప్తిపడకుండా, యంత్రం బాగా వేడెక్కేవరకు రెండు వైపులా ఏకధాటిగా తీయించాలి; కాగితం ఇరుక్కునే జబ్బు ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. ఒక మచ్చ పేజీ పొడవునా సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే డ్రమ్మో రోలరో గీసుకుపోయిందని, అచ్చయిన అక్షరాలను వేలితో రుద్దితే సిరా రాలిపోతుంటే హీటు సరిగా అందడం లేదని అర్థం. ఇప్పటిదాకా ఎన్ని కాపీలు తీసిందో చూపే మీటరు రీడింగును తప్పక అడగాలి గానీ దాన్నే పూర్తిగా నమ్మకూడదు. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్లు నున్నగా మెరుస్తుంటే, మీటరు ఏమి చెప్పినా, అది బాగా అరిగిన యంత్రమే.

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కర్లేదు. నీటిలో తడిసిన యంత్రాన్ని ఆరబెట్టి, పైన తుడిచి అమ్మడం కష్టమేమీ కాదు కనుక, కింది ట్రే తీసి లోపల బురద చార, స్క్రూలకు తుప్పు, సర్క్యూట్ బోర్డు మీద తెల్లటి లేదా పచ్చటి పొడి ఉన్నాయేమో చూడాలి. విదేశాల నుంచి వచ్చిన వాటిలో కొన్ని 110 లేదా 120 వోల్టులకు తయారైనవి ఉంటాయి. వెనుకనున్న పట్టీ చదవకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి. లేజర్ ప్రింటరును చిన్న యూపీఎస్‌కు తగిలించడం కూడా తప్పే, ఎందుకంటే హీటరు ఒక్కసారిగా లాగే కరెంటును అది మోయలేదు. వానల్లో కాగితం తేమ పీల్చుకుంటుంది కాబట్టి, విప్పిన రీమును రాత్రిపూట ట్రేలో వదలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచాలి.

కంప్యూటరు విషయంలో చిక్కు మరో తీరుగా ఉంటుంది. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు (కంపెనీ పంపే భద్రతా అప్‌డేట్లు) ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. ‘ఐ5 ఉంది సార్’ అన్న మాటతో ఆగకుండా ఏ తరమో అడగండి. ప్రింటరుకు మీ విండోస్‌లో పనిచేసే డ్రైవరు (ప్రింటరును కంప్యూటరుతో కలిపి నడిపించే సాఫ్ట్‌వేరు) ఉందో లేదో కంపెనీ సైటులో ముందే వెతకాలి. పాత జెరాక్స్ మిషన్లలో కొన్ని, స్కాన్ చేసినదాన్ని కంప్యూటరులోని ఫోల్డరుకు పంపడానికి ఎస్ఎంబీ1 అనే కాలం చెల్లిన పద్ధతిని అడుగుతాయి. మెకానిక్ దాన్ని ఆన్ చేస్తానంటే ఒప్పుకోకండి. 2017 మేలో చిత్తూరు జిల్లాతో సహా మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లను స్తంభింపజేసిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వ్యాపించింది ఆ పద్ధతిలోని లోపం ద్వారానే. స్కానును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం కొంచెం శ్రమే అయినా క్షేమం.

సీరియల్ నంబరు రాసిన బిల్లు, కొన్నాళ్ల పరీక్షా గడువు కాగితం మీద అడిగి తీసుకోండి. యంత్రంలో హార్డ్ డిస్క్ ఉంటే, పాత యజమాని దగ్గర కాపీ తీయించుకున్నవారి ఆధార్ కాగితాలు, ఆస్తి పత్రాలు అందులో మిగిలి ఉండవచ్చు. కనుక మొదటి రోజే దాన్ని చెరిపించి, ఆ తర్వాతే దుకాణంలో వాడుకలోకి తేవాలి.