చివరి ఇంటి కుళాయి దాకా నీళ్లు రావాలంటే: నెల్లూరు మెట్ట పల్లెల్లో అర్జీ పెట్టే పద్ధతి

ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు వైపు చాలా ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, వీధుల్లో పైపులు ఉన్నాయి, ఇళ్ల ముందు కుళాయిలూ ఉన్నాయి. అయినా ఎండలు ముదిరేసరికి ఊరి చివరి కాలనీలో బిందెలు వరస కడతాయి. "మా ఊరికి నీళ్లు రావడం లేదు" అని అర్జీ రాస్తే, "సరఫరా జరుగుతున్నది" అని జవాబు వస్తుంది. ట్యాంకు పక్కనున్న ఇళ్లకు వస్తున్నాయి కాబట్టి ఆ జవాబును కాదనలేరు. దీన్ని దాటాలంటే అర్జీలో బాధ ఒక్కటే రాస్తే చాలదు, కొలత కూడా రాయాలి.

కొలవడానికి ఒక బకెట్టు, ఒక ఫోను చాలు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. మీ ఊళ్లో రోజుకు 45 నిమిషాలు నీళ్లు వదులుతారనుకుంటే, కుళాయి నుంచి నిమిషానికి దాదాపు 5 లీటర్లు పడాలి. అంటే 15 లీటర్ల బకెట్టు 3 నిమిషాల్లో నిండాలి. ట్యాంకు దగ్గర ఒక ఇల్లు, ఊరి నడుమ ఒకటి, చివర రెండు ఇళ్లు తీసుకోండి. వరసగా మూడు రోజులు, నీళ్లు మొదలైన టైము, ఆగిన టైము, బకెట్టు నిండడానికి పట్టిన నిమిషాలు ఒక నోటుబుక్కులో రాయండి. కరెంటు పోయిన రోజును ఈ లెక్కలో కలపొద్దు. ఆ రోజు సంగతి విడిగా రాయండి.

నాలుగు ఇళ్లలోనూ ధార సన్నగా ఉంటే లోపం బోరులోనో, మోటారులోనో, ట్యాంకు నిండకపోవడంలోనో ఉంటుంది. మొదటి ఇంట్లో 2 నిమిషాలకే నిండి, చివరి ఇంట్లో 12 నిమిషాలు పడితే లోపం పైపులైనులో ఉన్నట్టు. అప్పుడు వాటర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని లైను పొడుగునా నడవండి. ఎక్కువగా కనిపించేవి ఇవే: వీధి కుళాయికి తిప్పే తల లేక నీళ్లు వృథాగా పోవడం, గేట్ వాల్వు తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోవడం, పై వీధుల్లో కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం, పాత లైను చివర కొత్త కాలనీని అదే సన్నపైపుతో కలపడం. మొదటి రెండూ పంచాయతీ స్థాయిలో బాగుచేయించగలిగినవే. మూడోదానికి ఊళ్లో పెద్దమనుషుల మాట, పంచాయతీ నోటీసు రెండూ కావాలి. నాలుగోదానికి ఎస్టిమేటు, ఇంజినీరు, నిధులు కావాలి. ఏ పనికి ఎవర్ని అడగాలో తెలియకపోతే అర్జీ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

మురుగుకాలవలోంచి పైపు పోయేచోట ప్రత్యేకంగా ఆగి చూడండి. నీళ్లు వదిలినప్పుడు పైపులోంచి బయటికి కారుతాయి. ఆపేశాక పైపులో ఒత్తిడి పడిపోయి, అదే పగుల్లోంచి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు మొదటి పది నిమిషాలు వచ్చే నీళ్లు వాసన కొట్టడానికి ఇదే కారణం. అక్కడ ఫోటో తీసేటప్పుడు పక్కనున్న ఇంటి నంబరో, కరెంటు స్తంభం నంబరో కనబడేట్టు తీయండి.

ఈ మెట్టలో రెండో సమస్య ఫ్లోరైడు. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు, పెద్దల్లో కీళ్లు, నడుము బిగుసుకుపోవడం మొదలవుతాయి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. గుడ్డతో వడకట్టినా లాభం లేదు.

శాంపిల్ పట్టడంలో చాలామంది పొరపాటు చేస్తారు. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వాడొద్దు, లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరును పది నిమిషాలు వదిలేసి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపండి. ఊరు, బోరు ఉన్న చోటు, తేదీ, టైము చీటీ మీద రాసి అంటించండి. సూక్ష్మజీవుల పరీక్షకు ఈ సీసా పనికిరాదు. ల్యాబ్ వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలో పట్టి, మంచులో పెట్టి, 24 గంటల్లోపు చేర్చాలి. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లలో మామూలు జనం కూడా పరీక్ష చేయించుకోవచ్చు. రిపోర్టు అసలు కాపీ మీ దగ్గరే ఉంచుకుని, అర్జీకి జిరాక్స్ జతచేయండి.

ఆర్‌ఓ ప్లాంటు పెట్టించమని అడగడం తేలిక. కానీ అది లోపలికి తీసుకున్న నీళ్లలో పెద్ద భాగాన్ని వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పు మరింత చిక్కగా ఉంటాయి. వాటిని బోరు పక్కనే గుంటలోకి వదిలితే మళ్లీ భూమిలోకే ఇంకుతాయి. నీటిని వడగట్టే మెంబ్రేన్లు (పొరలు) మార్చే డబ్బు ఎవరిదో ముందే తేల్చకపోతే ప్లాంటుకు తాళం పడుతుంది. ఫ్లోరైడు ఊళ్లకు నిలిచే పరిష్కారం సోమశిల లాంటి జలాశయం నీటిని శుద్ధిచేసి పైపుల్లో తేవడమేనని మా అభిప్రాయం. ప్లాంటు అడిగినా, దాంతో పాటు ఈ కోరికనూ తీర్మానంలో రాయించండి.

ఇక అర్జీ. ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. నీళ్లు, రోడ్డు, వీధిదీపాలు కలిపి రాస్తే అది ఏదో ఒక శాఖకే పోతుంది. వాళ్లు తమ పని వరకు జవాబిచ్చి ముగిస్తారు, మిగతా రెండూ గాలిలో కలిసిపోతాయి. ఊళ్లో కుళాయి, వీధిదీపం, మురుగుకాలవ నిర్వహణ పంచాయతీది. పథకం, పెద్ద పైపులైను, ట్యాంకు నిర్మాణం ఆర్‌డబ్ల్యూఎస్‌ది. ట్రాన్స్‌ఫార్మరు, లోవోల్టేజి అయితే విద్యుత్ సంస్థది. వాళ్లకు అర్జీ ఇచ్చేముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నీళ్ల అర్జీలో విషయం ఇలా రాయవచ్చు:

"మా ఊరి చివరి కాలనీలో 38 ఇళ్లకు తాగునీరు చాలడం లేదు. ఈ నెల 3, 4, 5 తేదీల్లో ట్యాంకు పక్క ఇంట్లో 15 లీటర్ల బకెట్టు 2 నిమిషాల్లో, కాలనీ చివరి ఇంట్లో 12 నిమిషాల్లో నిండింది. రామాలయం దగ్గర గేట్ వాల్వు సగంలో బిగుసుకుపోయింది (ఫోటో 1). కాలనీకి విడి లైను వేసేందుకు స్థల పరిశీలన చేసి ఎస్టిమేటు తయారుచేయించగలరు."

ఈ నాలుగు వాక్యాల కింద సంతకాలు, కొలతల పేజీ జిరాక్స్. ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు.

ఉదయగిరి నుంచి నెల్లూరు కలెక్టరేటు వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. మొదటి అర్జీకే అంత దూరం పోవద్దు. ముందు గ్రామ సచివాలయంలో ఇవ్వండి, ఇంజినీరింగ్ అసిస్టెంటుకు చోటు చూపించండి. పని కదలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మండల స్థాయిలో, ఆ తర్వాత కలెక్టరేటులో పెట్టండి. ఆధార్, ఫోన్ నంబరు తీసుకెళ్లండి. నంబరున్న రసీదు చేతికి రాకుండా బయటికి రావొద్దు. పని జరగకుండానే "పరిష్కరించబడినది" అని మెసేజ్ వస్తే ఊరుకోకండి. ఆ నంబరు మీదే మళ్లీ తెరిపించి, ఆ రోజు తేదీతో కొత్త బకెట్టు కొలత జతచేయండి.

నిధుల దారి వేరు. పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి చెరి సగంగా ప్రత్యేకించారు. మీ పంచాయతీ ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టిందో ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఊరి పేరుతో వెతికి చూడండి. తర్వాతి ఏడాది ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 గ్రామసభల నుంచి మొదలవుతుంది. మీ పని ఆ ప్రణాళికలో లేకపోతే మార్చిలో ఎంత గట్టిగా అడిగినా డబ్బు వెతకడం కష్టం. సభలో నోటితో చెప్పి వచ్చేయొద్దు. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చదివి, నంబరు, తేదీ రాసుకోండి.

ఎస్టిమేటు తయారైందా, ఎక్కడ ఆగింది అన్నది తెలియకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. కాగితం అడగాలి: "ఫలానా పని ఎస్టిమేటు, మెజర్‌మెంటు బుక్కు, బిల్లుల నకళ్లు". మెజర్‌మెంటు బుక్కు అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. 30 రోజుల్లో ఇవ్వకపోతే అక్కడినుంచి 30 రోజుల్లోపు అదే శాఖలో మొదటి అప్పీలు వేయండి. సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనాలు తీసుకునే హక్కు కూడా మీకుంది. దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

సీసీ రోడ్డు మంజూరైన వీధి ఉంటే ముందు పైపులైను పని పూర్తిచేయించండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కొత్త కాంక్రీటును కోసి పైపు వేస్తే ఆ కోత మళ్లీ సరిగా పూడదు, వానాకాలంలో అక్కడే గుంటపడుతుంది. రోడ్డు వేశాక గోనెసంచులు పరిచో, గట్లు కట్టి నీళ్లు నిలిపో కనీసం 14 రోజులు తడపాలి. నీళ్లకే కటకటగా ఉన్న ఊళ్లో రెండో రోజే తడపడం ఆపేస్తారు, పైపొర పిండిలా లేస్తుంది. ట్యాంకరు ఎవరిదో పని మొదలుకాకముందే అడగండి.

లైను బాగయ్యాక ట్యాంకు సంగతి చూడండి. పదిహేను రోజులకోసారి కడిగించి, ఆ తేదీని ట్యాంకు స్తంభం మీద పెయింటుతో రాయించండి. బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. నేరుగా గుమ్మరించకుండా బకెట్టులో పేస్టులా కలిపి, నీళ్లు పోసి, పౌడరులోని సున్నం అడుక్కి దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి నీళ్లు వదలాలి. మూత తీసి ఉంచిన సంచిలో పౌడరు సత్తువ పోతుంది, అప్పుడు ఎంత కలిపినా చివరి కుళాయిలో క్లోరిన్ కనబడదు. పరీక్ష కిట్టుతో ఆ చివరి కుళాయి దగ్గరే చూడండి, లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తేలాలి. తేలకపోతే కొత్త సంచి తెప్పించి మర్నాడు మళ్లీ చూడండి. అదే కుళాయి కింద నెలకోసారి 15 లీటర్ల బకెట్టు పెట్టి, నిమిషాలు అదే నోటుబుక్కులో రాయండి.