తుఫాను తర్వాత మీ హోటల్ నుంచి ఊరికి అన్నం ఎలా పెట్టాలి?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడిన రోజు. మర్నాటికి ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టుకీ క్యూ, పెట్రోలుకీ క్యూ. అపార్టుమెంట్లలో ఇంట్లో బియ్యం ఉన్నా మోటారు ఆడక వండుకోవడానికి నీళ్లు లేవు. అలాంటప్పుడు గుండిగలు, పెద్ద బర్నర్లు, రెండొందల మందికి వండి చేయి తిరిగిన మాస్టరు ఒకేచోట దొరికేది హోటల్లోనే.

పెట్టే చేతులకు మన దగ్గర కొదవ లేదు. కొదవంతా లెక్కకే. మొదటి పూట అందరూ పులిహోర పొట్లాలతో మెయిన్ రోడ్డుకే వస్తారు. నాలుగో రోజు సందులోకి తొంగి చూసేవాళ్లుండరు. టిఫిన్ సెంటరైనా, మెస్సైనా, ఏసీ రెస్టారెంటైనా ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి.

హెచ్చరిక వచ్చిన రోజు

రేపటి ఇడ్లీ పిండి రుబ్బకండి. కరెంటు పోతే ఫ్రిజ్జులో పిండి పొంగి పులిసిపోతుంది, ఆ మినప్పప్పు డబ్బులు గంగలో పోసినట్టే. దానికి బదులు బియ్యం, కందిపప్పు, బొంబాయి రవ్వ, అటుకులు, చింతపండు నేలకు ఎత్తుగా సర్దండి. 19 కిలోల సిలిండర్లు నిండువి రెండు పక్కన పెట్టి గోడకు గొలుసేయండి. డ్రమ్ములన్నీ మంచినీళ్లతో నింపండి. నెట్‌వర్క్ పోతే ఫోన్‌పే కూడా పోతుంది, పది, ఇరవై నోట్లు కొన్ని గల్లాలో ఉంచండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి: జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070.

తెల్లారాక

ముందు మీ మనుషుల్ని చూసుకోండి. సప్లయర్ ఇంటి రేకులు ఎగిరిపోయి ఉంటే అతని చేత ఊరికి వడ్డించమనడం భావ్యం కాదు. ఆ కుటుంబాన్ని హోటల్‌కే తెచ్చుకోండి, పడుకోవడానికి హాలు ఎలాగూ ఖాళీయే.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే స్విచ్చు ముట్టొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, తలుపులు తెరిచి బయటికి రండి. సిలిండర్ నీళ్లలో మునిగి ఉంటే డీలర్ మనిషి చూసేదాకా వాడొద్దు. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే. వాన పడుతోందని వంటగదిలోకి లాక్కొస్తే దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

ఫ్రిజ్జు తలుపు తీయకుండా ఉంచితే చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది, నిండుగా ఉన్న డీప్ ఫ్రీజరైతే సుమారు రెండు రోజులు. ఆ తర్వాత పాలు, మాంసం పారేయాల్సిందే. మనసొప్పదు. అయినా పారేయండి. ఆసుపత్రికి దారి లేని రోజున వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పరిస్థితి చేయి దాటిపోతుంది.

ఏం వండాలి

ఒక్కటే వండండి. మనిషికి వంద నుంచి నూట ఇరవై గ్రాముల బియ్యం లెక్కన పాతిక కిలోల బస్తా రెండొందల మందికి పైగా వస్తుంది. ఎదుటే వడ్డించేట్టయితే పెసరపప్పు కిచిడీని మించింది లేదు: గుండిగలో పొగలు కక్కుతుండగానే గరిటెతో విస్తరిలోకి. దూరం పంపాలంటే పులిహోరే. చింతపండు పులుపు వల్ల కాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

అలాగని పులిహోరని నమ్మి కూర్చోకూడదు. మా బంధువుల మెస్సులో ఓసారి తొందర కొద్దీ వేడి వేడి అన్నం కలిపి, అలాగే కవర్లలో మూట కట్టేశాం. ఆవిరి లోపలే నీరై దిగింది. సాయంత్రం విప్పితే జిగురు, మెంతి ఘాటు కింద సన్నగా ఓ పుల్లటి కుళ్లు వాసన. నూట యాభై పొట్లాలు గోతిలో పోశాం. అప్పట్నుంచీ వెడల్పు బేసిన్లలో పరిచి, ఫ్యాను లేకపోతే విసనకర్రలతో ఆర్చి, అప్పుడే తాలింపు. పొట్లం మీద పెన్నుతో కట్టిన టైము రాయండి, నాలుగు గంటల్లో తినేయమని చెప్పండి. కొబ్బరి చట్నీ, సాంబారు పంపొద్దు. త్వరగా పాడవుతాయి. కారప్పొడి చాలు. పసిపిల్లలకు, ముసలివాళ్లకు కారం లేని మెత్తటి అన్నం ఓ గిన్నెలో వేరుగా తీయండి. ఇది అందరూ మరిచిపోయేదే. తాగే నీళ్లు బాగా మరగకాచి చల్లార్చినవే ఇవ్వండి.

ఎవరికి, ఎలా

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా ఆహారం వచ్చేది. లోపలి వీధుల్లో మేడల మీద ఉన్నవాళ్లకు చేర్చడమే గగనమైంది. డ్రోన్లతో కూడా పొట్లాలు దించారు. కాబట్టి వండేముందే అడగండి. వార్డు సచివాలయానికి వెళ్లి ఏ వీధికి ఎవరు పెడుతున్నారో తెలుసుకుని, ఎవరూ లేని వీధి మీరు తీసుకోండి. దారి చూపడానికి నీళ్ల క్యాన్లేసే ఆటో కుర్రాణ్ని మించినవాడు లేడు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే మామ్మగారు ఏ తలుపు వెనక ఉన్నారో అతనికే తెలుసు. నడుంలోతు నీళ్లుంటే మాత్రం మీ కుర్రాళ్లను దింపకండి, పడవలున్న ఎన్డీఆర్ఎఫ్ వాళ్లకో అగ్నిమాపక సిబ్బందికో పొట్లాలు అప్పగించండి.

మూడో రోజు నుంచి

సొంత సరుకు అయిపోతుంది. ఇక్కడే చాలా హోటళ్లు ఆగిపోతాయి. మొదటి రోజు నుంచే ఓ నోటు పుస్తకంలో బియ్యం, గ్యాస్, డీజిల్, కూలీ రాసి ఉంచితే ఒక్కో భోజనానికి ఎంత పడిందో తేలుతుంది. 2017లో మరియా తుఫాను కరీబియన్ దీవి ప్యూర్టో రికోను కుదిపేసినప్పుడు హోసే ఆండ్రెస్ అనే షెఫ్ అక్కడి వంటవాళ్లను కూడగట్టి లక్షల భోజనాలు వండించాడు. ఆయన పెట్టిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ విపత్తులు వచ్చిన చోట స్థానిక హోటళ్లకు డబ్బిచ్చి వండిస్తుంది కూడా. మన దగ్గరా అది కుదురుతుంది. అమెరికా నుంచి 'ఏం పంపమంటారు' అని ఫోన్ చేసే మేనల్లుడికి దుప్పట్లు వద్దని, ఫలానా వీధికి వంద భోజనాల ఖర్చు భరించమని చెప్పండి, బిల్లు పంపండి. అసలు ఖరీదు తీసుకోవడంలో తప్పు లేదు. మాస్టరుకీ ఇల్లుంది. తప్పల్లా ప్లేటు ఇడ్లీ రేటు రాత్రికి రాత్రి రెట్టింపు చేయడంలోనే.

ఎప్పుడు ఆపాలో కూడా చూసుకోవాలి. వీధి చివర ఇడ్లీ బండి ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించిందంటే ఆ వీధిలో మీ ఉచిత టిఫిన్ ఆపేయండి. ఇంకా అవసరమున్న నాలుగిళ్లుంటే ఆ ప్లేట్లు ఆవిడ దగ్గరే కొని పంపండి.