భయాన్ని విప్పి చూద్దాం – 4వ పాఠం: బస్సు ఎటువైపు నుంచి వచ్చింది?

పోయిన పాఠంలో జర్మన్ మూకీల దగ్గర ఆగాం. ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరీ’ (1920)లో వెలుగునీడల్ని సెట్ మీదే రంగుతో పూసేశారు. ‘నోస్ఫెరాటు’ (1922)లో మెట్లెక్కే నీడ ఒక్కటే చాలు, మనిషి కనబడక్కర్లేదు. ఆ సినిమాల్లో భయమంతా కంటికే. ఇవాళ్టి పాఠం చెవికి. టాకీ వచ్చాక హారర్ సినిమా నేర్చిన గొప్ప ఎత్తుగడ ఒకటుంది: ప్రేక్షకుణ్ని ఒక వైపు చూస్తూ ఉండనిచ్చి, రెండో వైపు నుంచి కొట్టడం. దాన్ని సెకన్ల లెక్కన విప్పడం ఈ పాఠంలో సాధన చేస్తాం.

కావలసినవి: చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, గీతల నోటుబుక్కు. పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో సమయం, రెండో గడిలో “చూపు ఎటు”, మూడో గడిలో “ఏం వినిపిస్తోంది”. “భయమేసింది” అని ఎక్కడా రాయకండి. అది ఫలితం, మనం వెతికేది కారణం.

సినిమా పెట్టే ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లండి. చాలామంది పాఠం ఇక్కడే చెడుతుంది. ‘నైట్ మోడ్’ లాంటిది ఆన్‌లో ఉంటే చిన్న చప్పుళ్లను పెంచి, పెద్ద చప్పుళ్లను తగ్గిస్తుంది; మనం కొలవబోయేది సరిగ్గా ఆ రెంటి మధ్య ఉన్న తేడానే. దాన్ని ఆపేయండి. కదలికను నున్నగా చేసే సెట్టింగునూ ఆపండి, లేకపోతే పాత సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. నలుపు మరీ ముద్దగా ఉండి గోడకీ కోటుకీ తేడా తెలియకపోతే వెలుగు కాస్త పెంచండి. ఫోన్ స్పీకరుతో మాత్రం ఈ పాఠం చేయొద్దు. లోతైన శబ్దాలు అందులో దాదాపు వినిపించవు.

మొదటి సీను: ‘క్యాట్ పీపుల్’ (1942)

ముందు దీని వెనక ఉన్న డబ్బు సంగతి తెలియాలి. ఆర్‌కేఓ స్టూడియో చవక హారర్ సినిమాల కోసం వాల్ ల్యూటన్‌ని నిర్మాతగా పెట్టుకుంది. షరతులు మూడు: పేరు స్టూడియోవాళ్లే ఇస్తారు, ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాల లోపే ఉండాలి. కొత్త సెట్లకు డబ్బెక్కడిది? నాయిక ఇంటి మెట్లు అదే స్టూడియోలో అంతకుముందు తీసిన ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ సెట్‌వి. చిరుతగా మారే మనిషిని నమ్మేలా చూపించడానికీ డబ్బు లేదు. దాంతో దర్శకుడు జాక్ టర్నర్, ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా, ఎడిటర్ మార్క్ రాబ్సన్ కలిసి మృగాన్ని దాదాపు పూర్తిగా చీకట్లోనే ఉంచేశారు. గతిలేక చేసిన పనే అయినా, డబ్బున్న స్టూడియోల రబ్బరు రాక్షసుల కంటే ఇదే ఎక్కువ కాలం నిలిచింది.

సీను ఇదీ. రాత్రి, న్యూయార్క్ సెంట్రల్ పార్కు మధ్యగా పోయే రోడ్డు (నిజానికి స్టూడియో సెట్). పక్కన రాతిగోడ, అక్కడక్కడా దీపస్తంభాలు. ఆలిస్ ఒంటరిగా నడుస్తోంది, వెనకాల ఇరీనా. ఇరీనా ఈ సినిమా నాయిక, చిరుతగా మారిపోతానని భయపడే మనిషి; ఆలిస్ ఆమె భర్తతో కలిసి పనిచేసే అమ్మాయి. ఈ సీనును మూడుసార్లు చూడాలి.

మొదటిసారి మామూలుగా, ఆపకుండా చూడండి.

రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఇప్పుడు కట్లు లెక్కపెట్టండి: షాట్ మారినప్పుడల్లా నోటుబుక్కులో ఒక గీత, అయిదో గీత అడ్డంగా. చేయి అందకపోతే వేగం సగానికి తగ్గించండి. ఆలిస్, ఇరీనా, ఆలిస్, ఇరీనా అని వంతులవారీగా షాట్లు వస్తాయి. ఆ వంతు ఒక చోట తప్పుతుంది. ఇరీనా రావాల్సిన చోట ఖాళీ రోడ్డే ఉంటుంది. ఆ క్షణం మొదటి గడిలో రాసి, చుట్టూ సున్నా చుట్టండి.

మూడోసారి కళ్లు మూసుకుని వినండి. రీరికార్డింగ్ లేదని అప్పుడు గానీ గట్టిగా తెలియదు. సంగీతం ఒక్క చుక్క లేదు. రెండు జతల మడమల చప్పుడు, అంతే. తర్వాత ఒక జత ఆగిపోతుంది. అక్కణ్నుంచి స్టాప్‌వాచ్ నొక్కండి. బస్సు చప్పుడు వినబడగానే ఆపండి. వచ్చిన అంకె ఈ సీనుకు ప్రాణం. ఆ విరామంలో తెర మీద పెద్దగా ఏమీ జరగదు. ఆలిస్ వేగం పెంచుతుంది, వెనక్కి చూస్తుంది, దీపస్తంభం దగ్గర ఆగుతుంది. ఆమె చూసేవైపే మనమూ చూస్తాం. అప్పుడు కుడివైపు నుంచి బస్సు ఫ్రేములోకి దూసుకొస్తుంది. దాని బ్రేకుల బుస అచ్చం పిల్లి బుసలా ఉంటుంది.

ఇది పనిచేయడానికి కారణం తేలికే. హఠాత్తుగా వచ్చిన పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం మనిషి ఆలోచించి చేసే పని కాదు, ఒళ్లు తనంతట తాను చేసేది. అయితే ముందే బిగుసుకుపోయి ఉన్నవాడు ఇంకా ఎక్కువ ఉలిక్కిపడతాడు. నిశ్శబ్దం బిగిస్తుంది, బుస వదిలిస్తుంది. బస్సు వల్ల ఎవరికీ హాని జరగలేదని గమనించండి. ఇలా ఉత్తుత్తి దాడితో కొట్టే దెబ్బకు సినిమావాళ్లు ఆ తర్వాత ‘ల్యూటన్ బస్’ అనే పేరు పెట్టుకున్నారు. అల్మారాలోంచి పిల్లి దూకే ప్రతి సినిమా దీనికి అప్పుపడే ఉంది. చాలావాటికి మొదటి సగం, అంటే ఆ విరామం, అక్కర్లేదనిపించింది. అందుకే అవి చప్పగా ఉంటాయి.

బస్సు రాగానే వీడియో ఆపేయడం నేర్చుకునేవాళ్లు చేసే మరో పొరపాటు. ఆపకండి. బస్సెక్కబోతూ ఆలిస్ పైకి చూస్తుంది, గోడ మీది కొమ్మలు కదులుతుంటాయి. తర్వాత చచ్చిన గొర్రెలు కనిపిస్తాయి. బురదలో పంజా గుర్తులు నడుస్తూ నడుస్తూ ఆడవాళ్ల బూట్ల గుర్తులవుతాయి. అంటే బస్సు ఉత్తుత్తిదే అయినా ప్రమాదం ఉత్తుత్తిది కాదు. నవ్వుకునే వీలు కూడా మనకు మిగల్చలేదు.

రెండో సీను: ‘సైకో’ (1960), స్నానాల గది

షవర్ కింద స్నానం చేస్తున్న మేరియన్‌ను కత్తితో పొడిచే సీను ఇది. ఇక్కడ తూకం తిరగబడుతుంది: నిశ్శబ్దం బదులు సంగీతం, విరామం బదులు కట్ల వాన. హిచ్‌కాక్ తన టీవీ కార్యక్రమం సిబ్బందితో, సుమారు 8 లక్షల డాలర్లకు తీసిన సినిమా ఇది. ఈ ఒక్క సీను చిత్రీకరణకే వారం పట్టింది. 78 కెమెరా ఏర్పాట్లు, 52 కట్లు అని సినిమా చరిత్ర రాసేవాళ్లు చెబుతుంటారు. మీ లెక్క అలాగే రాకపోతే కంగారుపడకండి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. షవర్ కర్టెన్ లాగిన క్షణం నుంచి మేరియన్ కూలబడేదాకా మాత్రమే లెక్కపెట్టండి. కెమెరా పక్కకు తిరగడాన్ని కట్‌గా లెక్కేస్తే తప్పు.

దీనికి ముందున్న నీళ్ల షాట్లు ఎంత నిదానంగా ఉన్నాయో కూడా కొలవండి. షవర్‌ను ఎదురుగా చూపే షాట్‌లో లెన్సు తడవలేదేమని ఎవరికైనా అనుమానం వస్తుంది. షవర్ మధ్య రంధ్రాలు మూసేసి, దూరం నుంచి పొడవు లెన్సుతో తీశారు. ధారలన్నీ కెమెరాకు పక్కగా పోయాయి.

ఈ సీనుకు సంగీతం వద్దన్నది హిచ్‌కాక్ మొదటి ఆలోచన. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ అయినా రాశాడు, తీగవాద్యాలు మాత్రమే వాడి. శబ్దం తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే ఎవరిది పైచేయో మీకే తేలుతుంది. కత్తి దిగిన చప్పుడు కాసబా అనే కర్బూజాను పొడిచి తీసింది. నలుపు తెలుపు కాబట్టి నెత్తురుకు చాక్లెట్ సిరప్ సరిపోయింది.

మూడో సీను: ‘హాలోవీన్’ (1978)

దీన్ని తొందరగా ముగిద్దాం, ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది ఫ్రేము అంచుల్నే. దర్శకుడు జాన్ కార్పెంటర్ దీన్ని 2.35:1 వెడల్పు తెరకు తీశాడు. పాత టీవీ కొలతకు (1.33:1) కత్తిరించిన కాపీ మీ దగ్గరుంటే బొమ్మలో నూటికి 43 పాళ్లు పోయినట్టే, హత్యలు చేసే ముసుగుమనిషి నిలబడేది తరచూ ఆ పోయిన భాగంలోనే. పైనా కిందా నల్లపట్టీలున్న కాపీనే చూడండి.

సంగీతం కలపకముందు ఓ స్టూడియో ఉద్యోగినికి చూపిస్తే ఆమె ఏమాత్రం భయపడలేదని కార్పెంటరే చెప్పుకున్నాడు. తర్వాత తనే పియానో కూర్చాడు, అయిదు దెబ్బల తాళంలో. పాశ్చాత్య లెక్క తెలియనివాళ్లు ఇలా పట్టుకోండి: “తకిట తకిట తక తక”, మళ్లీ “తకిట తకిట తక తక”. మొత్తం పది అక్షరాలు. ఎనిమిదికి అలవాటుపడిన చెవికి ఎప్పుడూ రెండు అక్షరాలు మిగిలిపోతున్నట్టే ఉంటుంది. కాలికి చిన్న రాయి గుచ్చుకుంటున్న నడకలాగా.

ఇంటిపని

రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992, రేవతి నటించినది) నుంచి మీకు ఉలికిపాటు కలిగిన ఒక సీను ఎంచుకుని మూడు గళ్ల పట్టిక వేయండి. చివర రెండే సంగతులు రాయండి: నిశ్శబ్దం ఎన్ని సెకన్లు, దెబ్బ ఏ వైపు నుంచి. తలుపు కిర్రుమనడం, కుక్క ఏడుపు, గజ్జెల చప్పుడు లాంటివి వినిపిస్తే అవి నిశ్శబ్దాన్ని చెడగొట్టాయా, ఇంకా బిగించాయా అన్నది పక్కన ఒక్క మాటలో చాలు. అయిదో పాఠానికి ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ పక్కన పెట్టి పోల్చాలి.