ఆన్‌సైట్‌కి బయలుదేరే ముందు పన్ను జాగ్రత్తలు

హైదరాబాద్ కంపెనీ ఉద్యోగిగానే ఉంటూ ఏడాదికో, ఏడాదిన్నరకో అమెరికా, జర్మనీ వెళ్లేవాళ్లు వీసా గురించి పడే టెన్షన్‌లో పదో వంతు కూడా పన్ను గురించి పడరు. "అక్కడ కట్ అవుతోంది కదా, మళ్లీ ఇక్కడెందుకు?" అంటారు. కానీ ఇక్కడ కట్టాలా వద్దా అన్నది ముందుగా ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు మన దేశంలో ఎన్ని రోజులున్నారో దాన్ని బట్టి తేలుతుంది.

ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లే భారత పౌరుడు ఆ ఏడాది ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్, అంటే ఇక్కడ నివాసి కాదు. అక్కడ చేసిన పనికి వచ్చే జీతం మీద మామూలుగా ఇక్కడ పన్ను పడదు. 182 నిండితే రెసిడెంట్ కిందే లెక్క, ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాల్సిందే. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉన్నవాళ్లకు సెప్టెంబర్ 29తో 182 నిండుతాయి. విమానం ఎక్కిన రోజు, దిగిన రోజు కూడా ఇక్కడివే అనుకుని లెక్కేసుకుంటే క్షేమం. టికెట్ సెప్టెంబర్ ఆఖరి వారంలో పడుతుంటే ఇంకాస్త ముందుగా బయలుదేరడం కుదురుతుందేమో మేనేజర్‌ని అడిగి చూడండి. ఇంకో సంగతి, మధ్యలో వచ్చి వెళ్లే రోజులూ ఇందులో కలుస్తాయి. సెప్టెంబర్ 15న వెళ్లినవాళ్లు సంక్రాంతికీ, చెల్లెలి పెళ్లికీ కలిపి మూడు వారాలు ఊళ్లో ఉంటే 182 దాటిపోయినట్టే.

వెళ్లే ఏడాది గురించి కాస్తో కూస్తో అందరికీ తెలుసు. తెలియనిది తిరిగొచ్చే ఏడాది సంగతి. పూర్తిగా వచ్చేసినవాళ్లకు ఆ 182 రోజుల వెసులుబాటు ఉండదు. ఆ ఏడాది ఇక్కడ 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉంటే చాలు, రెసిడెంట్ అయిపోతారు. ఏడాదిన్నర ఆన్‌సైట్ చేసినవాళ్లకు ఆ 365 ఎలాగూ ఉంటాయి. అంటే డిసెంబర్‌లో వచ్చేస్తే, ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా డాలర్లలో తీసుకున్న జీతమంతా ఇక్కడి రిటర్న్‌లోకి వస్తుంది. ఫిబ్రవరి 1 తర్వాత వస్తే, మధ్యలో సెలవుకు రాకుండా ఉంటే, మామూలు ఏడాదిలో 60 నిండవు. ప్రాజెక్ట్ ముగింపు తేదీ మన చేతిలో లేకపోవచ్చు. కనీసం రాబోయే పన్నుకు డబ్బు పక్కన పెట్టుకోవచ్చు.

రెసిడెంట్ అయినంత మాత్రాన రెండుసార్లు మునిగిపోరు. అక్కడ కట్టిన పన్నును, అదే ఆదాయం మీద ఇక్కడ పడే పన్ను మేరకు తగ్గించుకోవచ్చు. పాత చట్టం కింద దానికి ఫారం 67 వేయాలి, రిటర్న్‌లో విదేశీ ఆదాయం, విదేశీ ఆస్తుల షెడ్యూళ్లు నింపాలి. మామూలు జీతగాళ్లు వేసే సులువైన రిటర్న్ ఫారం ఐటీఆర్-1 పనికిరాదు. అక్కడి బ్యాంకు ఖాతాలో వంద డాలర్లే ఉన్నా రెసిడెంట్ దాన్ని చూపించాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి, ఏ ఏడాది ఆదాయానికి ఏ ఫారమో చూసుకోండి.

"183 రోజుల్లోపే కదా, అక్కడ పన్ను ఉండదు" అన్న మాటను అలాగే నమ్మకండి. ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా దేశాలు చేసుకున్న ఒప్పందాల్లో ఆ మినహాయింపుకు ఇంకా షరతులున్నాయి. జీతం ఇచ్చేది అక్కడి సంస్థ కాకూడదు, ఆ ఖర్చు అక్కడి శాఖ మీద పడకూడదు. పైగా కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు రాష్ట్ర పన్ను విషయంలో ఆ ఒప్పందాన్ని పట్టించుకోవు.

బయలుదేరే ముందు హెచ్‌ఆర్‌తో మాట కాదు, మెయిల్ ఉండాలి. జీతం ఇక్కడి పేరోల్‌లో పడుతుందా, అక్కడా? ఇక్కడి టీడీఎస్ ఆగుతుందా? అక్కడి పన్ను కంపెనీ భరిస్తే రిఫండ్ ఎవరిది? చాలా కంపెనీల్లో అది కంపెనీదే, ఖర్చుపెట్టేశాక అడిగితే గొడవ. నాన్ రెసిడెంట్ అయ్యాక కూడా జీతం నేరుగా ఇక్కడి ఖాతాలో పడుతుంటే, ఇక్కడే అందింది కాబట్టి పన్ను కట్టమని ఆదాయపు పన్ను శాఖ వాదించే వీలుంది. ఈ ఒక్కదానికైనా సీఏ ఫీజు దండగ కాదు.

జర్మనీ, జపాన్ లాంటి దేశాలకు వెళ్తే పీఎఫ్ సంస్థ ఇచ్చే కవరేజ్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. ఇక్కడ పీఎఫ్ కడుతున్నందుకు అక్కడి పెన్షన్ చందా తప్పుతుంది. అమెరికాతో మనకు అలాంటి సామాజిక భద్రతా ఒప్పందం లేదు. హెచ్-1బీ, ఎల్-1 వీసాల మీద అక్కడి పేరోల్‌లో ఉంటే జీతంలో 7.65 శాతం అక్కడి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుకు పోతుంది.

కాగితాల్లో డిప్యుటేషన్ లెటర్, పాస్‌పోర్ట్ స్టాంపులు, నెలనెలా పేస్లిప్పులు సొంత మెయిల్‌లో ఉంచుకోండి. కంపెనీ పోర్టల్ లాగిన్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఏడాది జీతం, కట్ అయిన పన్ను చూపించే అమెరికా డబ్ల్యూ-2 ఫారం జనవరిలో వస్తుంది. డిసెంబర్‌లోనే ఇల్లు ఖాళీ చేస్తే అది పాత అడ్రస్‌కే పోతుంది, ముందే ఆన్‌లైన్ కాపీ పెట్టించుకోండి. ఆధార్‌కి లింక్ అయిన సిమ్‌ని రీచార్జ్ చేస్తూ రోమింగ్‌లో ఉంచండి. రిటర్న్ వేశాక ఈ-వెరిఫై చేయడానికి 30 రోజులే గడువు, ఓటీపీ వచ్చేది ఆ నంబర్‌కే.