ముద్దుగానూ ఉండాలి, భయమూ వేయాలి: హాలోవీన్ బొమ్మకు ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు వచ్చే చిక్కులు, పరిష్కారాలు

"బాగుంది, కానీ ఏదో తక్కువైంది" అంటే గీసినవారికి ఒరిగేదేమీ లేదు. ఎక్కడ తక్కువైంది, ఎందుకు తక్కువైంది, ఏం మారిస్తే సరిపోతుంది అన్న మూడూ చెబితేనే అది ఫీడ్‌బ్యాక్. అక్టోబరు 31న దయ్యాల వేషాలతో జరుపుకునే హాలోవీన్ పండుగకు గీసే ముద్దుదయ్యాల బొమ్మల్లో ఇది మరీ అవసరం. ముద్దు పెంచబోతే భయం పోతుంది, భయం పెంచబోతే ముద్దు పోతుంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకుంటే మంచిది: ముద్దును పాత్ర ఆకారంలో వెతకాలి, భయాన్ని వెలుగులోనూ పరిసరాల్లోనూ వెతకాలి. ఒకదాన్ని సరిచేయడానికి రెండోదాన్ని కదపమని చెప్పకూడదు.

నోరు విప్పేముందు రెండు విషయాలు అడగండి. బొమ్మ ఎవరికోసం: మూడేళ్ల పిల్లల పుస్తకానికా, స్టిక్కర్‌కా, టీషర్టుకా? పని ఏ దశలో ఉంది: చిత్తు గీతలా, రంగులు కూడా పూర్తయ్యాయా? చిత్తు దశలో రంగుల గురించి మాట్లాడినా, అంతా పూర్తయ్యాక తల ఎత్తు మార్చమన్నా ఇద్దరి సమయమూ వృథా.

లక్షణం: ముద్దుగా ఉంది, భయం ఊసే లేదు

కారణం చాలాసార్లు పాత్రలో ఉండదు. బొమ్మంతా పట్టపగల్లా ఒకే వెలుగు పడి ఉంటుంది. అలాంటప్పుడు కోరలు పెంచమని, నెత్తురు చుక్క పెట్టమని చెప్పకండి. వెలుగును కిందినుంచి వేయమనండి. మనం ముఖాలను పైనుంచి పడే వెలుగులో చూడటానికి అలవాటుపడ్డాం కాబట్టి గడ్డం కింద వెలుగు, కనుబొమల పైన నీడ పడితే చాలు, చిట్టి దయ్యం కూడా వింతగా కనిపిస్తుంది. ఇంకో దారి, నీడను పాత్రతో విభేదించేలా గీయడం: ముందు బుజ్జి పిల్లి, వెనక గోడమీద గోళ్లు చాచిన పెద్ద నీడ.

లక్షణం: భయం ఎక్కువై ముద్దు చచ్చిపోయింది

ఇక్కడ తప్పు కొలతల్లో ఉంటుంది. పెద్ద తల, ఎత్తైన నుదురు, ముఖంలో కిందికి ఉన్న పెద్ద కళ్లు, బూరెబుగ్గలు, పొట్టి కాళ్లుచేతులు చూస్తే మనకు పసిపిల్లలను చూసినట్టు ముద్దొస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో వివరించాడు. ఆ లెక్కతో బొమ్మను సరిచూడండి.

- పాత్ర మొత్తం ఎత్తు తల ఎత్తుకు రెండు, రెండున్నర రెట్లు మించితే కాళ్లు, మొండెం కుదించమనండి.
- కళ్లు ముఖం సగం గీతకు పైన ఉంటే కిందికి దించమనండి. నోరు చిన్నదిగా, కళ్లకు దగ్గరగా ఉండాలి.
- పెద్ద తెల్లగుడ్డులో చుక్కంత నల్లపాప ఉంటే బెదిరిన చూపు వస్తుంది. పాపను పెంచి, రెండు కళ్లలోనూ మెరుపుచుక్క ఒకే వైపు పెట్టాలి.
- పళ్ల వరుస బదులు మొన గుండ్రంగా ఉన్న ఒకటి రెండు కోరలు చాలు.

మొనదేలిన ఆకారాలు పూర్తిగా తీసేయమని మాత్రం చెప్పకండి. వాటిని ఎండుకొమ్మలకు, కంచె ఊచలకు తరలిస్తే పాత్ర మెత్తగానే ఉంటుంది, భయం చుట్టూ నిలుస్తుంది.

లక్షణం: నల్లపిల్లి రాత్రిలో కలిసిపోయింది

ఈ పండుగ బొమ్మల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. పిల్లి నలుపు, టోపీ నలుపు, ఆకాశం ముదురు ఊదా. రంగులు వేరైనా చీకటితనం ఒక్కటే కావడంతో కన్ను విడదీయలేదు. మాటలతో వాదించకుండా పరీక్ష పెట్టండి: బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ పైన ఒక కొత్త లేయర్ (పొర) తీసి, నలుపుతో నింపి, బ్లెండింగ్ మోడ్‌ను, అంటే ఆ పొర కింది పొరలతో కలిసే తీరును, "కలర్"కి మార్చాలి. బొమ్మ బూడిదరంగుకు మారుతుంది, అతికిపోయిన చోట్లు బయటపడతాయి. శాచురేషన్ (రంగు గాఢత) స్లైడర్‌ను సున్నాకు లాగి చూడటం నమ్మదగింది కాదు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో అలా చేస్తే పసుపు, నీలం దాదాపు ఒకే బూడిదగా మారిపోతాయి.

మందు పిల్లిని తెల్లబరచడంలో లేదు. వెనక ఆకాశాన్ని ఒకటి రెండు మెట్లు లేతగా చేయాలి, లేదా పిల్లి వెనక చంద్రుణ్ణి తేవాలి. పిల్లికి పూర్తి నలుపు బదులు ముదురు నీలమో ఊదానో వాడితే లోపలి గీతలకూ చోటు దొరుకుతుంది. చంద్రుడు వెనక ఉంటే అంచు వెంట మాత్రమే సన్నని వెలుగు పడాలి. ముఖం కూడా వెలిగిపోతోందంటే ముందు ఇంకో దీపం ఉండాలి, అదేదో బొమ్మలో తెలియాలి.

తెల్లదయ్యానిది తిరగబడిన సమస్య. పూర్తి తెలుపుతో నింపితే కాగితానికి చిల్లు పడ్డట్టుంటుంది. లేత నీలి ఊదా వేసి, లాంతరు వైపు మాత్రం కాస్త పసుపు తగిలించాలి.

లక్షణం: గుమ్మడి లాంతరు వెలుగు పైన అతికించినట్టుంది

గుమ్మడికాయను తొలిచి, కళ్లు, నోరు కోసి, లోపల దీపం పెట్టిందే ఈ లాంతరు. కాయ తొక్కమీదంతా నారింజ కాంతి పూయడం వల్ల ఇలా అవుతుంది. దీపం లోపల ఉంది. వెలుగు కోసిన రంధ్రాల్లోంచే బయటికొస్తుంది. కాబట్టి ముందువైపు తొక్క చీకటిగానే ఉండాలి, వెలుగు ఎదుటి నేలమీద, పక్కనున్న పాత్రమీద పడాలి. అంతకన్నా ముఖ్యం మందం. కళ్లు, నోరు కోసిన చోట గుజ్జు అంచు కనిపించాలి, ఆ అంచూ వెలగాలి. లోపల లేత పసుపు, అంచుమీద నారింజ, తొక్కకు తగిలే చోట ఎర్రటి నారింజ. చివరగా కింది రంగులను వెలిగించే "స్క్రీన్" మోడ్‌లో మెత్తని బ్రష్‌తో 20 నుంచి 40 శాతం ఒపాసిటీతో (దట్టంతో) చిన్న కాంతివలయం, అదీ రంధ్రాల దగ్గరే.

మన దగ్గర గీసేవారికి ఒక మాట అదనంగా చెప్పాల్సి రావచ్చు: గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదిది. నారింజరంగు, నిలువు గాడులు, గట్టి తొడిమ ఉన్న కాయ. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి చేసే దీపం అమెరికాలో గుమ్మడికి మారింది. ఈ లాంతరుకున్న జాక్-ఓ-లాంటర్న్ అన్న పేరు బురదనేలల్లో మినుకుమనే వెలుగుకూ ఉంది, అంటే మన కొరివిదయ్యమే. ఇది తెలిస్తే దాని ముఖంలో ఏ భావం పెట్టాలో తోస్తుంది.

లక్షణం: ఏదో ఇరుకుగా ఉంది, ఎక్కడో తెలియడం లేదు

టోపీ కొన చంద్రుడి అంచును సరిగ్గా తాకుతోందేమో చూడండి. గబ్బిలం రెక్క కొమ్మను, తోక చట్రాన్ని అలా తాకినా ఇంతే. ఒకదానిమీద ఒకటి బాగా ఎక్కాలి, లేదా విడిగా ఉండాలి.

లక్షణం: అన్నీ ఉన్నాయి, పండుగే కనిపించడం లేదు

బొమ్మను గోరంత చేసి చూడండి, 64 పిక్సెళ్లకు. మొదట ఏది కనబడిందో దాన్నే గీసినవారికి చెప్పండి. వాళ్లు అనుకున్నది అది కాకపోతే మిగతావి తగ్గించాలి. పూలతో అలంకరించిన పుర్రెలు, బంతిపూలు చేరితే కూడా అడగండి. అవి మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవారిని తలుచుకునే పండుగవి, అక్టోబరు 31 హాలోవీన్‌వి కావు.

లక్షణం: స్క్రీన్ మీద ఊదా, అచ్చులో నీలం

అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి సీఎంవైకేలో సయాన్ (నీలి సిరా), మెజెంటా (గులాబీ సిరా) పాళ్లు దగ్గర దగ్గరగా ఉంటే ఊదా నీలంవైపు జారుతుంది. సయాన్ అంకె కన్నా మెజెంటా అంకె బాగా ఎక్కువ ఉండేలా చూడమనండి. మెరిసే నారింజ, విషపు ఆకుపచ్చ అచ్చులో ఎలాగూ మందగిస్తాయి, కాబట్టి చుట్టూ ఉన్నవాటిని ముదురు చేయించాలి.

లక్షణం: చెప్పింది సరైనదే, గీసినవారు ముడుచుకుపోయారు

సాధారణంగా కారణం రెండిట్లో ఒకటి. ఒకేసారి పదిహేను తప్పులు చెప్పి ఉంటారు, లేదా "నేనైతే" అని మొదలుపెట్టి ఉంటారు. ఒక విడతకు మూడు చాలు, అదీ కూర్పు, వెలుగునీడలు, రంగు, చిన్న వివరాలు అన్న వరుసలో. మెచ్చుకోలు కూడా చోటు చూపాలి: "దుప్పటి అంచు నేలకు ఆనకుండా ఆపారు, అందుకే దయ్యం తేలుతున్నట్టుంది, దాన్ని కదపకండి." ఏది ఉంచాలో తెలియకపోతే సవరణలో మంచిదే ముందు పోతుంది. వాళ్ల బొమ్మమీద గీసి చూపించాలంటే అనుమతి అడిగి, వేరే లేయర్‌లో గీయండి.

సవరించిన బొమ్మ వచ్చాక పాతదాని పక్కన పెట్టి, ముందు మీరు అడిగిన మూడు చోట్లే చూడండి. కొత్త తప్పు కనిపిస్తే, అది మీ సూచనవల్ల వచ్చిందేమో సరిచూసుకుని, అలాగైతే ఆ మాట చెప్పి పాత రూపానికే వెళ్లమనండి.